నంది ఏ ఊరిది?

గత వారం కథ అమీర్‌పేట సారథి స్టూడియో గేటు దగ్గర ఆగింది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమా అని చెప్పుకున్నాం. స్టూడియో కట్టారు, సినిమా కూడా తీశారు, ఇక మద్రాసు నుంచి అందరూ పెట్టేబేడా సర్దుకుని దిగిపోతారని ఆశపడ్డారు. దిగలేదు. కోడంబాక్కంలో వాహినీ ఉంది, ఏవీఎం ఉంది. ల్యాబు, రికార్డింగ్ థియేటర్, వయొలిన్ వాద్యకారులు, మేకప్ సామాన్లమ్మే కొట్టు అన్నీ నాలుగైదు వీధుల అవతలే దొరుకుతాయి. వాటిని వదిలేసి, నెగెటివ్ కడిగించుకోవడానికి మళ్లీ మద్రాసే పరుగెత్తాల్సిన ఊరికి ఏ నిర్మాతయినా ఎందుకొస్తాడు?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఇదొక చిత్రమైన ఇబ్బంది. 1956 నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడింది. భాష ఉంది, రాజధాని ఉంది, ఊరూరా టూరింగ్ టాకీసులు ఉన్నాయి, వాటి నుంచి వినోదపు పన్ను ఖజానాకు వస్తోంది. సినిమా తయారయ్యే చోటు మాత్రం పొరుగు రాష్ట్ర రాజధాని. టికెట్టు ఇక్కడ తెగుతుంటే జీతాలు అక్కడ పుడుతున్నాయి. పరిశ్రమను రప్పించడానికి ప్రభుత్వం దగ్గర ఉన్న సాధనాలు కూడా ఎక్కువేమీ కాదు. ఇక్కడ తీసిన సినిమాలకు పన్నులోనో డబ్బులోనో రాయితీ ఇవ్వొచ్చు, స్టూడియోలకు స్థలాలు ఇవ్వొచ్చు. మూడోది, ఖర్చు తక్కువ, పేరు ఎక్కువ: ఏటా సన్మానం. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయిన 1964లోనే ఆ మూడోది మొదలైంది. అదే నంది.

నంది చరిత్రను సినిమా చరిత్రగా కాక, రాష్ట్రానికీ పరిశ్రమకూ మధ్య సాగిన బేరంగా చదివితే చాలా విషయాలు విడమరిచినట్టు కనపడతాయి. ఈ భాగంలో నేను చేయబోయేది అదే.

ముందు భూగోళం కాస్త చూసుకోవాలి, తర్వాత పనికొస్తుంది. నేను ఈ వ్యాసాలు రాస్తున్న మోతీనగర్ ఎర్రగడ్డ మెయిన్ రోడ్డుకు లోపలివైపు ఉంటుంది. దాన్ని దాటితే బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. అక్కణ్నుంచి గుట్ట ఎక్కితే జూబ్లీహిల్స్, ఆ పక్కన ఫిల్మ్‌నగర్. సినిమాలో ఎవరి స్థాయి ఏమిటో వాళ్లు ఈ ఏటవాలులో ఎంత ఎత్తున ఇల్లు తీసుకున్నారన్నదాన్ని బట్టి చాలావరకు చెప్పేయొచ్చు. పైన హీరోలు, నిర్మాతలు. కింద అద్దె గదుల్లో లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, డబ్బింగ్ గొంతులు, పదేళ్లుగా కథ చెప్పుకుంటూ తిరుగుతున్న అసోసియేట్ డైరెక్టర్లు. 1964లో ఈ గుట్ట మీద ఉన్నవి బండరాళ్లే. అన్నపూర్ణ స్టూడియోస్ తలుపులు తెరిచింది 1976 సంక్రాంతికి. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఆ తర్వాతి సంగతి. అంటే అవార్డు ముందొచ్చింది, అందుకునేవాళ్లు తర్వాత తీరిగ్గా వచ్చారు.

పేరుకు లేపాక్షి నందిని ఎంచుకోవడంలో ప్రభుత్వం తెలివి కనిపిస్తుంది. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం అక్కడ ఉంది. గుడికి కాస్త దూరంగా, రోడ్డు పక్కన, ఒకే రాతిలో చెక్కిన బసవన్న కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంటాడు. ఎత్తు దాదాపు 15 అడుగులు, పొడవు 27. మెడలో గంటల హారం, ఒంటి మీద నగిషీ, తల కొంచెం ఎత్తి గుడివైపు చూపు. తీర ప్రాంతానికీ తెలంగాణకూ అప్పటికే మాటామాటా నడుస్తున్న రోజుల్లో, ఆ రెంటికీ చెందని రాయలసీమ మూల నుంచి ఒక గుర్తును తెచ్చి బల్ల మీద పెడితే ఎవరూ నోరెత్తలేరు. ఫైలు మీద ఆ కారణమే రాసి ఉందని నేను అనను. ఫలితం మాత్రం అదే అయింది. అర్ధ శతాబ్దం పాటు నంది ఎవరి ప్రాంతానిదన్న ప్రశ్న పుట్టలేదు.

తెలుగు సినిమాకు అంతకుముందు సన్మానాలు లేవని కాదు. 1954 సంవత్సరానికి 'పెద్దమనుషులు' జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం తెచ్చుకుంది. బొంబాయి ఫిల్మ్‌ఫేర్ పత్రిక తన అవార్డుల్ని దక్షిణాది భాషలకు విస్తరించినప్పుడు తెలుగులో మొదట 1963 నాటి 'నర్తనశాల'ను ఎంచింది. ఢిల్లీ ఒకటి ఇచ్చింది, బొంబాయి ఒకటి ఇచ్చింది. సొంతింటివాళ్లు ఇచ్చింది మాత్రం 1964 లెక్కతోనే మొదలు.

తొలి స్వర్ణ నంది 'డాక్టర్ చక్రవర్తి'ది. ఇక్కడ కొంచెం ఆగాలి. కోడూరి కౌసల్యాదేవి నవల 'చక్రభ్రమణం' దీనికి మూలం. దుక్కిపాటి మధుసూదనరావు అన్నపూర్ణా పిక్చర్స్ నిర్మాత, ఆదుర్తి సుబ్బారావు దర్శకుడు, అక్కినేని, సావిత్రి, జగ్గయ్య, కృష్ణకుమారి నటులు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. రేడియోలోనూ నాటకాల్లోనూ పేరు తెచ్చుకుంటున్న గొల్లపూడి మారుతీరావుకు సినిమా రచయితగా ఇది తొలి మెట్టు. తెలుగు మధ్యతరగతి ఆడవాళ్లు వంటింట్లో పొయ్యి ఆర్పి మరీ చదివిన నవలలు తెరకెక్కే కాలానికి ఈ సినిమా గట్టి పునాది వేసింది. అక్కినేని ఆ రోజుల్లోనే కుటుంబంతో సహా హైదరాబాద్‌లో స్థిరపడిన కథానాయకుడు. పరిశ్రమ తరలి రావాలని కోరుకుంటున్న ప్రభుత్వం మొట్టమొదటి బహుమతి ఏ సినిమాకిచ్చిందో గమనించండి. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు, సినిమా అందుకు అర్హమైనదే. అర్హతా అవసరమూ ఒకే దారిలో కలిసిన సందర్భం అనుకుంటే సరిపోతుంది.

ఆ తర్వాతి స్వర్ణ నందుల వరుస చూస్తే ఆ కమిటీల అభిరుచి మీద గౌరవం పెరుగుతుంది. 1965లో 'అంతస్తులు', 1966లో బి.ఎన్.రెడ్డి 'రంగులరాట్నం' (చంద్రమోహన్ తొలిసారి కనిపించింది ఇందులోనే), 1967లో 'సుడిగుండాలు', 1968లో ఎస్వీ రంగారావు స్వయంగా దర్శకత్వం వహించిన 'బాంధవ్యాలు'. వీటిలో 'సుడిగుండాలు' సంగతి చెప్పి తీరాలి. దారితప్పిన కుర్రాళ్లు, నేరం, న్యాయస్థానం. డ్యూయెట్లతో కిక్కిరిసిన కాలంలో ఆదుర్తి, అక్కినేని కలిసి చక్రవర్తి చిత్ర అనే సంస్థ పెట్టి, నష్టం వస్తుందని తెలిసీ తీసిన సినిమా అది. నష్టమే వచ్చింది, నంది కూడా వచ్చింది. బాక్సాఫీసు మొహం చాటేసిన సినిమాను ప్రభుత్వం భుజం తట్టిందంటే అవార్డు తన పని తాను చేసినట్టే. ఈ మాట ఇప్పుడెందుకు అంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

అన్నపూర్ణా సంస్థలో ఆదుర్తి దగ్గర పనిచేసిన కె.విశ్వనాథ్ 1971లో 'చెల్లెలి కాపురం', 1972లో 'కాలం మారింది', 1973లో 'శారద'తో వరుసగా మూడేళ్లు స్వర్ణ నందిని ఎగరేసుకుపోయారు. శంకరశాస్త్రి ఇంకా పుట్టలేదు. విశ్వనాథ్ అనగానే 'శంకరాభరణం' నుంచి లెక్క మొదలుపెట్టడం మనకు అలవాటైపోయింది కానీ, నంది జాబితా ఆయన్ని అంతకు ఎనిమిదేళ్ల ముందే గుర్తుపట్టింది. 'శంకరాభరణం' కూడా నంది పుస్తకంలో 1979 కిందే ఉంటుంది, 1980 ఫిబ్రవరి 2న విడుదలైనా సరే. అవార్డుల లెక్కకు విడుదల తేదీతో పని లేదు, సెన్సారు సర్టిఫికెట్టు ఏ ఏడాదిదో చూస్తారు. పాత జాబితాలు చదివేటప్పుడు ఈ చిన్న మెలిక తెలియక తగవులాడుకున్నవాళ్లు బోలెడుమంది.

మొదటి పుష్కరకాలం నంది ప్రధానంగా సినిమాకే. ఉత్తమ నటుడు అన్న బహుమతి 1977 నుంచి ఉంది. తొలి గ్రహీత 'అమరదీపం' చిత్రానికి కృష్ణంరాజు. నటులు వేదిక ఎక్కడం మొదలయ్యాక సభ స్వరూపమే మారిపోయింది. నిర్మాత నందిని అందుకుంటే పేపర్లో ఒక వార్త. హీరో అందుకుంటే గేటు బయట లాఠీఛార్జి. ఉగాది వేడుకగా ముఖ్యమంత్రి చేతుల మీదుగా ఇవ్వడం ఆనవాయితీ అయింది. రవీంద్రభారతిలో, పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో ఆ సాయంత్రాలు చూసినవాళ్లు ఈ వాడల్లో ఇప్పటికీ దొరుకుతారు. సినిమాలకు స్వర్ణ, రజత, కాంస్య నందులు, వ్యక్తులకు తామ్ర నంది. 1980లో జీవితకాల కృషికి రఘుపతి వెంకయ్య అవార్డు పెట్టి తొలిసారి ఎల్.వి.ప్రసాద్‌కు ఇచ్చారు. ఎన్టీఆర్ కన్నుమూసిన 1996 సంవత్సరం నుంచి ఆయన పేరిట జాతీయ పురస్కారం వచ్చింది, దానికి తొలి గ్రహీత అక్కినేని. తర్వాత టీవీకి నంది, నాటకానికి నంది. 1985 నాటి 'మయూరి' ఒక్కటే 14 నందులు మూటగట్టుకుంది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించిన సినిమా అది.

పెద్ద పేర్ల సంగతి అందరికీ తెలిసిందే. నాకు ఆసక్తి జాబితా అడుగు భాగంలో ఉంది. మేకప్, కాస్ట్యూమ్స్, ఫైట్స్, ఆడియోగ్రఫీ, ఎడిటింగ్, డబ్బింగ్. పత్రికల్లో చివరి పేరాలో ఒకదానికొకటి అతుక్కుని అచ్చయ్యే పేర్లు ఇవి. తెలుగు సినిమాలో డబ్బింగ్ కళాకారులకు విడిగా బహుమతి పెట్టడం నిజంగా మెచ్చుకోవలసిన పని. ఎందుకంటే ఇక్కడ హీరోయిన్‌లో సగం మనకు కనిపించదు. ముంబై నుంచో కేరళ నుంచో వచ్చిన అమ్మాయి పెదవులు కదుపుతుంది. చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఏడ్చేది ఇంకొకరు. 2011 సంవత్సరానికి ఉత్తమ నటి నయనతార, 'శ్రీరామరాజ్యం'లో సీత పాత్రకు. అదే ఏడాది ఉత్తమ డబ్బింగ్ కళాకారిణి గాయని సునీత, అదే సినిమాలో అదే సీతకు గొంతు ఇచ్చినందుకు. ఒక పాత్రకు రెండు నందులు. నటనలో గొంతు భాగం కాదా, గొంతు వేరొకరిదైతే ఉత్తమ నటి ఎలా అవుతుంది అని వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్ల వాదనలో పస ఉంది. కానీ ఆ వాదన తెగేలోపు గొంతు ఇచ్చిన మనిషికి పేరు దక్కాలి కదా. 'అరుంధతి'లో పశుపతి గొంతు వింటే ఇప్పటికీ పిల్లలు ఉలిక్కిపడతారు. ఆ గొంతు పి.రవిశంకర్‌ది, నంది ఆయన పేరును నలుగురికీ చెప్పింది.

పాట రాసేవాళ్ల విషయంలోనూ అంతే. 1986లో 'సిరివెన్నెల', 1987లో 'శ్రుతిలయలు', 1988లో 'స్వర్ణకమలం', సీతారామశాస్త్రికి వరుసగా మూడు నందులు. సినిమా పేరే ఇంటిపేరైన కవి అడుగు పెట్టీ పెట్టగానే అలా వరుసగా మూడేళ్లు వేదికెక్కడం ఇంకెవరికైనా సాధ్యమయ్యే పనా?

పాట దగ్గరకు వచ్చాం కాబట్టి, ఈ కథ మలుపు తిరిగేది కూడా ఒక పాట రచయిత దగ్గరే.

1995లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో 'ఒరేయ్ రిక్షా' వచ్చింది. ఆర్.నారాయణమూర్తి కథానాయకుడు, వందేమాతరం శ్రీనివాస్ సంగీతం. అందులో గద్దర్ రాసిన ఒక అన్నాచెల్లెళ్ల పాట ఊరూరా మోగింది. ఆ పాటకు ఉత్తమ గీత రచయితగా నంది ప్రకటించారు. గద్దర్ తీసుకోలేదు. తూప్రాన్ వైపు నుంచి వచ్చి, గోచీ కట్టి, గొంగడి వేసుకుని, ప్రభుత్వాల మీదే పాట కట్టిన మనిషి ఆ ప్రభుత్వం చేతి నుంచే జ్ఞాపిక అందుకుంటాడని ఎవరనుకున్నారో తెలియదు. ఎవరైనా నందిని కాదనడం అరుదు; కాదన్న పేరు ఇది కావడం ఈ కథకు కీలకం.

ఇప్పుడు 2012 అక్టోబర్‌కు రండి. తెలంగాణ ఉద్యమం పతాక స్థాయిలో ఉంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2011 సంవత్సరపు నందులు ప్రకటించింది. స్వర్ణ నంది బాపు 'శ్రీరామరాజ్యం'ది, ఉత్తమ నటుడు 'దూకుడు'కు మహేశ్‌బాబు. అదే జాబితాలో ఉత్తమ దర్శకుడు 'జై బోలో తెలంగాణ' తీసిన ఎన్.శంకర్. ఉత్తమ నేపథ్య గాయకుడు అదే సినిమాలో పాడిన గద్దర్. ఉత్తమ గీత రచయిత 'పోరు తెలంగాణ'కు మిట్టపల్లి సురేందర్. ఇంకో విశేషం, 'జై బోలో తెలంగాణ'కు సరోజినీదేవి పేరిట ఇచ్చే జాతీయ సమైక్యతా చిత్ర పురస్కారం కూడా దక్కింది. రాష్ట్రం విడిపోవాలని నినదించిన సినిమాకు, ఆ రాష్ట్రమే, సమైక్యత విభాగంలో బహుమతి ఇవ్వడం! నవ్వొస్తుంది కానీ, ఆలోచిస్తే అందులో తప్పేమీ లేదు. జాతీయ సమైక్యత వేరు, సమైక్యాంధ్ర వేరు. జ్యూరీకి ఆ తేడా తెలిసినట్టుంది, అప్పటి నాయకుల్లో చాలామందికి తెలియలేదు.

ఆ జాబితా ఒక రకంగా ఉమ్మడి నంది వీడ్కోలు సభ. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది.

విభజన చట్టం నీళ్లు, కరెంటు, ఉద్యోగులు, అప్పులు అన్నీ పంచింది. సినిమా ఎవరిదో మాత్రం ఎవరూ తేల్చలేదు. స్టూడియోలు, ల్యాబులు, ఫిల్మ్ చాంబర్, కృష్ణానగర్, మోతీనగర్ తెలంగాణలో ఉండిపోయాయి. లేపాక్షి, నంది, గోదావరి లొకేషన్లు, వసూళ్లలో పెద్ద వాటా అటు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 1964లో పొరుగు రాజధానిలో ఉన్న పరిశ్రమ కోసం చేయి చాచిన ఆంధ్రప్రదేశ్, సరిగ్గా యాభై ఏళ్లకు మళ్లీ అదే స్థితిలో నిలబడింది. ఊరు పేరు ఒక్కటే మారింది, మద్రాసు పోయి హైదరాబాద్ వచ్చింది.

2012, 2013 సంవత్సరాల నందుల్ని విజయవాడ కేంద్రంగా పనిచేస్తున్న ప్రభుత్వం 2017 మార్చిలో ప్రకటించింది. 'ఈగ' ఒక ఏడాది, 'మిర్చి' ఒక ఏడాది. పెద్దగా గొడవ లేదు. అదే ఏడాది నవంబర్ 14న 2014, 2015, 2016 మూడేళ్లవీ ఒకేసారి బయటపెట్టారు, తేనెతుట్టె కదిలింది. 2014కు 'లెజెండ్' ఉత్తమ చిత్రం, బాలకృష్ణ ఉత్తమ నటుడు. 2015కు 'బాహుబలి', 'శ్రీమంతుడు'కు మహేశ్‌బాబు. 2016కు 'పెళ్లిచూపులు', జూనియర్ ఎన్టీఆర్. 'లెజెండ్' మీదే రాళ్లన్నీ పడ్డాయి. బాలకృష్ణ అప్పటికి అధికార పార్టీ శాసనసభ్యుడు, నియోజకవర్గం హిందూపురం. లేపాక్షి మండలం కూడా ఆ నియోజకవర్గంలోనే ఉంది. ఈ వివరానికి నేనేమీ జోడించను.

'రుద్రమదేవి'కి మొండిచేయి చూపారని దర్శకుడు గుణశేఖర్ బహిరంగంగానే నిలదీశారు. విమర్శలు పెరిగాక మంత్రి నారా లోకేశ్, ఆంధ్రప్రదేశ్‌లో ఆధార్ కార్డూ ఓటరు కార్డూ లేనివాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని మాట్లాడుతున్నారన్న అర్థంలో అన్నారు. 'టెంపర్'కు నంది ప్రకటించిన పోసాని కృష్ణమురళి ప్రెస్‌మీట్ పెట్టి, అయితే నాకీ అవార్డు వద్దన్నారు. సినిమావాళ్ల కొట్లాటగా పత్రికలు రాశాయి గానీ, మంత్రి నోట వచ్చిన మాట అసలు ప్రశ్నను నగ్నంగా నిలబెట్టింది. తెలుగు సినిమా మనిషికి చిరునామా ఎక్కడ? బోరబండలో అద్దెకుండే లైట్‌మన్‌కు ఏ ప్రభుత్వం చప్పట్లు కొట్టాలి? 1964లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే పుట్టిన అవార్డు, 2017లో జవాబు చెప్పలేక చతికిలబడింది. ఆ మూడేళ్ల నందులు విజేతల చేతికి ఇచ్చే సభ జరగనే లేదు.

ఇటు తెలంగాణలో తొలి పదేళ్లూ కబుర్లతో గడిచాయి. 'సింహ' పేరిట అవార్డులు వస్తాయని వార్తలు వచ్చాయి, సింహం గుహ దాటలేదు. ఈ ఖాళీలో ప్రైవేటు వేడుకలు పెరిగాయి. 2012లో దుబాయ్‌లో మొదలైన సైమా లాంటివి టీవీ హక్కులతో, డ్యాన్సులతో కళకళలాడాయి. వాటితో పేచీ లేదు. అయితే 'సుడిగుండాలు' లాంటి నష్టజాతకుడిని పిలిచి పీట వేసే పని స్పాన్సర్లది కాదు.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయారు. 2024 జనవరి 31న, ఆయన జయంతి సభలో, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి నంది స్థానంలో గద్దర్ పేరిట అవార్డులు ఇస్తామని ప్రకటించారు. పరిశ్రమ నుంచి నెలల తరబడి ఉలుకూ పలుకూ లేదు. ఆ జూలైలో సినారె జయంతి వేదిక మీద ముఖ్యమంత్రి తన నొచ్చుకోలును దాచుకోలేదు. అప్పుడు చిరంజీవి స్పందించారు, ఒక్కొక్కరుగా మిగతావాళ్లూ కదిలారు. గుట్ట మీది ఇళ్లలో ఆ ఆలస్యానికి కారణాలు ఏవైనా కానీ, గుట్ట కింద ఆ పేరు వినగానే మొహాలు వెలిగాయి. మన పాట పాడినోడి పేరు పెట్టిండ్రు అన్న మాట నేను ఈ వీధిలోనే విన్నాను. నందిని వద్దన్న మనిషి పేరే నంది కుర్చీలో కూర్చుంది. ఆయన బతికుంటే ఒప్పుకునేవారా అన్నది వేరే చర్చ, నాకైతే అనుమానమే.

2025 జూన్ 14న హైటెక్స్‌లో తొలి సభ జరిగింది. జయసుధ అధ్యక్షతన జ్యూరీ 2024కు 'కల్కి 2898 ఏడీ'ని ఉత్తమ చిత్రంగా ఎంచింది. ఉత్తమ నటుడు 'పుష్ప 2'కు అల్లు అర్జున్, ఉత్తమ నటి '35 చిన్న కథ కాదు'కు నివేదా థామస్, సంగీతం 'రజాకార్'కు భీమ్స్ సిసిరోలియో. సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అంతకు ఆరు నెలల ముందు అరెస్టయిన నటుడు, ఆ ప్రభుత్వపు ముఖ్యమంత్రి చేతి నుంచే జ్ఞాపిక అందుకుంటున్న ఫొటో మరునాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ప్రత్యేక పురస్కారాల పేర్లలో కొత్త చేర్పులు చూడదగ్గవి. కరీంనగర్‌లో పుట్టి బొంబాయి తెరను ఏలిన పైడి జైరాజ్ పేరిట మణిరత్నంకు, కోదాడ ప్రాంతం నుంచి వచ్చిన కత్తివీరుడు కాంతారావు పేరిట విజయ్ దేవరకొండకు. పాత పేర్లనూ తీసేయలేదు. ఎన్టీఆర్ జాతీయ పురస్కారం బాలకృష్ణకు, రఘుపతి వెంకయ్య అవార్డు యండమూరి వీరేంద్రనాథ్‌కు, బి.ఎన్.రెడ్డి అవార్డు సుకుమార్‌కు. నంది కాలం నాటి సామాను కొంత కొత్త ఇంట్లోకి అలాగే వచ్చిందన్నమాట.

చరిత్రకారుడికి అసలు విందు ఇంకోచోట ఉంది. 2014 నుంచి 2023 దాకా ఖాళీగా పోయిన పదేళ్లకు కూడా ఉత్తమ చిత్రాలను మురళీమోహన్ అధ్యక్షతన ఇంకో జ్యూరీ ఎంపిక చేసింది. దాంతో 2014, 2015, 2016 సంవత్సరాలకు ఇప్పుడు రెండు ప్రభుత్వాల జాబితాలు పక్కపక్కన ఉన్నాయి. 2014: అక్కడ 'లెజెండ్', ఇక్కడ 'రన్ రాజా రన్'. 2015: అక్కడ 'బాహుబలి', ఇక్కడ 'రుద్రమదేవి'. 2016: అక్కడ 'పెళ్లిచూపులు', ఇక్కడ 'శతమానం భవతి'. మూడేళ్లలో ఒక్కటీ కలవలేదు. అవే సినిమాలు, అదే భాష, జ్యూరీలూ ఈ పరిశ్రమ పెద్దలతో కూడినవే. ఓరుగల్లు రాణి కథకు అమరావతి వైపు నుంచి దక్కని పీట పదేళ్లకు ఓరుగల్లున్న రాష్ట్రంలో దక్కింది. ఆమె సినిమాకు విడుదలప్పుడు పన్ను మినహాయింపు ఇచ్చింది కూడా తెలంగాణే. 2016 సంగతి మరీ విచిత్రం. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం 'పెళ్లిచూపులు', జనరంజక చిత్రం 'శతమానం భవతి'. ఢిల్లీ రెంటికీ చెరొకటి ఇచ్చి ఊరుకుంటే, మనం రెండు రాష్ట్రాలుగా చెరొకదాన్ని తీసుకున్నాం.

నా తీర్పు అడిగితే, 2014కు రెండు జాబితాలూ గురి తప్పాయి. మిగతా రెండేళ్లకు ఎవరి లెక్క వాళ్లకుంది. 2023కు 'బలగం'ను, 2018కు 'మహానటి'ని ఎంచినందుకు మాత్రం తెలంగాణ జ్యూరీతో ఎవరికీ పేచీ ఉండకూడదు.

నంది ఇప్పుడేం చేస్తోంది? 2023 డిసెంబర్‌లో గుంటూరులో నంది నాటకోత్సవం జరిగింది, నాటక సమాజాల వాళ్లు నందులు అందుకున్నారు. సినిమా నందిని కూడా తిరిగి తెస్తామని ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ మంత్రి కందుల దుర్గేశ్ అన్నారు. తెచ్చేరోజున మొదటి నిబంధన ఏమని రాసుకుంటారో చూడాలి. ఆ రాష్ట్రంలో షూటింగ్ చేసినవాటికే ఇస్తారా, తెలుగులో తీసిన అన్నిటికీ ఇస్తారా? మొదటిదైతే 1964 నాటి బేరం మళ్లీ మొదలు. రెండోదైతే ప్రతి ఏడాదికీ రెండు ఉత్తమ చిత్రాలు, ఇద్దరు ఉత్తమ నటులు, మా వీధి డబ్బింగ్ కళాకారిణికి అదృష్టం బాగుంటే రెండు జ్ఞాపికలు.

రెండు ప్రభుత్వాలూ తలో చేయీ వేసి పట్టుకున్న పేరు ఒకటుంది, రఘుపతి వెంకయ్య. మచిలీపట్నంలో పుట్టిన ఆ పెద్దాయన్ని తెలుగు సినిమాకు ఆద్యుడంటాం. ఆయన థియేటర్ కట్టింది మాత్రం ఈ రెండు రాష్ట్రాల్లో ఎక్కడా కాదు, మద్రాసులో. ఆ గెయిటీ టాకీస్ ముచ్చట, కొడుకు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ముచ్చట వచ్చే వారం.

(సశేషం)